డిస్కులో ఏ ఫైల్‌సిస్టమ్ ఉందో కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది: అపోహలు - వాస్తవాలు

అపోహ: పార్టిషన్ టేబుల్‌లో (డిస్కును ఏయే భాగాలుగా విడదీశారో చెప్పే పట్టికలో) ఏది రాసి ఉంటే అదే ఫైల్‌సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి).

వాస్తవం: ఎంబీఆర్ అనే పాత రకం టేబుల్‌లో విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌కూ 07 కోడే, ఎక్స్‌ఫ్యాట్‌కూ 07 కోడే. 83 అని ఉంటే లినక్స్ ఫైల్‌సిస్టమ్‌లలో ఈఎక్స్‌టీ4 కావచ్చు, ఎక్స్‌ఎఫ్‌ఎస్ కావచ్చు, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కావచ్చు. అందుకే లినక్స్‌లో మౌంట్ కమాండ్ (డిస్కులోని ఫైళ్లను వాడకానికి తెరిచేది) ఆ కోడ్‌ను నమ్ముకోదు. లిబ్‌బ్లాక్‌ఐడీ అనే లైబ్రరీతో పార్టిషన్ లోపలి బైట్లనే చదివిస్తుంది. ఒక్కో ఫైల్‌సిస్టమ్ తన గుర్తును ఒక్కో చోట పెట్టుకుంటుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ గుర్తు మొదటి నాలుగు బైట్లలోనే దొరుకుతుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కోసమైతే 64 కిలోబైట్లు దాటి వెళ్లాలి. ఈఎక్స్‌టీ4 సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టమ్ ముఖ్య వివరాలుండే చోటు) 1024వ బైటు దగ్గర మొదలవుతుంది, గుర్తు అక్కడికి 56 బైట్ల అవతల ఉంటుంది. హెక్స్‌డంప్ (బైట్లను హెక్స్ అంకెల్లో చూపించే జాబితా) తీసి 1080వ బైటు దగ్గర చూడండి, 53, ఈఎఫ్ పక్కపక్కనే కనిపిస్తాయి. అయితే ఈఎక్స్‌టీ2, 3, 4 మూడింటికీ గుర్తు ఇదే! జర్నల్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) ఉందా, ఎక్స్‌టెంట్లు (వరుస బ్లాకులను ఒకే గుంపుగా నమోదు చేసే పద్ధతి) ఉన్నాయా అని ఫీచర్ ఫ్లాగులు చూశాకే ఏది ఏదో తేలుతుంది.

అపోహ: ఏ ఫైల్‌సిస్టమో కెర్నెలే (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమే) కనిపెట్టేస్తుంది.

వాస్తవం: మామూలుగా మౌంట్ చేసేటప్పుడు ఫైల్‌సిస్టమ్ పేరు కెర్నెల్‌కు మనవైపు నుంచే అందాలి. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) లేకుండా బూట్ అయ్యేటప్పుడు రూట్ డిస్కు (సిస్టమ్ ఉండే ప్రధాన డిస్కు) విషయంలో మాత్రం, రకం చెప్పకపోతే, తనకు తెలిసినవాటిని వరుసగా ప్రయత్నిస్తుంది.

అపోహ: మళ్లీ ఫార్మాట్ చేస్తే పాత గుర్తులన్నీ పోతాయి.

వాస్తవం: అన్నిసార్లూ పోవు. రెండు గుర్తులు దొరికితే లిబ్‌బ్లాక్‌ఐడీ ఏదీ తేల్చదు, మౌంట్ ఆగిపోతుంది. ఇలాంటి గుర్తులను చెరిపే వైప్‌ఎఫ్‌ఎస్ కమాండ్‌ను ఆప్షన్లేవీ ఇవ్వకుండా నడిపితే ఏమీ చెరపదు, ఏ గుర్తు ఎక్కడుందో చూపిస్తుంది. చెరిపేముందు ఆ జాబితా తప్పకుండా చదవండి.

అపోహ: విండోస్ ‘ఫార్మాట్ చేయాలి’ అందంటే డేటా పోయినట్టే.

వాస్తవం: జనం డేటాను నిజంగా పోగొట్టుకునేది ఈ అపోహ వల్లే. ఆ మెసేజ్‌కు అర్థం, ఆ మెషీన్‌లోని ఏ డ్రైవరూ డిస్కును గుర్తుపట్టలేదని. ఫొటోలతో నిండి, ఏ లోపమూ లేని ఈఎక్స్‌టీ4 డిస్కు పెట్టినా విండోస్ అదే అడగవచ్చు. దయచేసి ఆ బటన్ నొక్కకండి. లినక్స్ మెషీన్‌కు తగిలించి చూడండి. అక్కడా రకం తెలియకపోతే, మొదటి సూపర్‌బ్లాక్ దెబ్బతిని ఉండొచ్చు. ఈఎక్స్‌టీ4 దాని నకళ్లు వేరే చోట్ల దాచుకుంటుంది. బ్లాక్ సైజు 4 కిలోబైట్లయితే మొదటి నకలు సాధారణంగా 32768వ బ్లాక్‌లో ఉంటుంది. ఈఎక్స్‌టీ4ను పరీక్షించి రిపేరు చేసే ఈ2ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్‌కు ఆ నంబరు ఇస్తే అక్కడి నుంచి చదువుకుంటుంది. దానికంటే ముందు డిస్కు మొత్తానికి ఇమేజ్ (బైటుకు బైటు కాపీ) తీసి, రిపేరు ఆ ఇమేజ్ మీదే చేయండి.