పెడల్ నుంచి చక్రం దాకా

ఫోక్స్‌వ్యాగన్ పోలోనీ, అదే గ్రూపులోని స్పెయిన్ కంపెనీ సియాట్ చేసే ఇబిజానీ పక్కపక్కన నిలబెడితే తోబుట్టువులని చప్పున తట్టదు. ఒకటి నున్నగా తల దువ్వుకున్న పిల్లాడిలా ఉంటుంది, రెండోదానికి ఒళ్లంతా పదునైన గీతలే. కానీ 2017లో వచ్చిన ఈ రెండు కార్లకీ కింద ఉన్నది ఎమ్‌క్యూబీ ఏ0 అనే ఒకే ప్లాట్‌ఫామ్, అంటే ఎమ్‌క్యూబీ కుటుంబంలో చిన్న కార్ల రకం.

ప్లాట్‌ఫామ్ అంటే చాలామందికి ఒక ఇనప చట్రం గుర్తొస్తుంది, దానిమీద ఏ బాడీ కావాలంటే ఆ బాడీ బిగించేయడమే అనుకుంటారు. లారీలకైతే అంతే. ఈ చిన్న కార్లలో విడిగా చట్రమే ఉండదు, బాడీయే చట్రం. మరి పంచుకునేదేంటి? కొలతలు, లోపలి భాగాలు, వాటిని బిగించే చోట్లు.

ఆ కొలతల్లో అసలైనది యాక్సిలరేటర్ పెడల్ నుంచి ముందు చక్రం మధ్యకి ఉండే దూరం. 4 మీటర్ల పోలో అయినా, ఇదే ఎమ్‌క్యూబీ కుటుంబంలోని 5 మీటర్ల టెరామాంట్ ఎస్‌యూవీ అయినా దాన్ని ముట్టుకోరు. ఎందుకంటే ఇంజిన్, గేర్‌బాక్స్, స్టీరింగ్, బ్రేకుల సరంజామా, ఏసీ, సగం వైరింగ్ అంతా అక్కడే కుక్కి ఉంటుంది, ఎదురుగా గుద్దుకుంటే దెబ్బ కాచుకోవాల్సిందీ అక్కడే, కాబట్టి ఆ కాస్త చోటులో ఏది జరిపినా మిగతావన్నీ మళ్లీ సర్దుకోవాల్సిందే.

వెనకవైపు ఇంత గొడవ లేదు. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కాబట్టి వెనక్కి షాఫ్ట్ వెళ్లదు, వెనక చక్రాలు ఊరికే వెంట దొర్లుతాయి, అందుకే కారుని మధ్యలో సాగదీయడం తేలిక. ఈ ప్లాట్‌ఫామ్‌కి మారినప్పుడు పోలో వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, సుమారు 9 సెంటీమీటర్లు పెరిగింది, డిక్కీ 280 లీటర్ల నుంచి 351కి చేరింది.

ఎమ్‌క్యూబీ పేరులో 'క్వేర్' అనే జర్మన్ మాటకి అడ్డంగా అని అర్థం, ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది కాబట్టి. 2012లో ఆడి ఏ3, ఏడో తరం గోల్ఫ్‌లతో ఇది మొదలైంది. అంతకుముందు కొన్ని ఇంజిన్లు ముందుకి వాలేవి, కొన్ని వెనక్కి, దాంతో సైలెన్సర్ గొట్టం ఒక్కోదానికి ఒక్కో దారిలో పోయేది. ఇప్పుడు పెట్రోలైనా డీజిలైనా 12 డిగ్రీలు వెనక్కే వాలాలి. నన్నడిగితే ఈ చిన్న వంపే మొత్తం పథకంలో తెలివైన పని, కొనేవాళ్లు మాత్రం జన్మలో గమనించరు.

అన్నీ ఉమ్మడి అయినప్పుడు తప్పూ ఉమ్మడే. 2018లో ఫిన్లాండ్‌లోని ఒక పత్రిక వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టి కారుని గబగబా లేన్లు మార్చి చూస్తే ఎడమవైపు సీట్‌బెల్ట్ దానంతటదే ఊడిపోయింది. పోలోలో, ఇబిజాలో, ఎత్తుగా కనిపించే సియాట్ ఆరోనాలో కూడా అదే సమస్య. బకిల్ సరిచేసేదాకా వెనక మధ్య సీట్లో ఎవరినీ కూర్చోబెట్టొద్దని కంపెనీయే చెప్పాల్సి వచ్చింది.