సెషన్ అప్‌లోనే ఉంది, ప్రసారం మాత్రం రావడం లేదు: ఎమ్‌ఎస్‌డీపీపై అపోహలు - వాస్తవాలు

ఒక సోర్సు పంపే ప్రసారాన్ని కోరిన రిసీవర్లందరికీ ఒకేసారి చేర్చే పద్ధతి మల్టీకాస్ట్, అందుకు దారులు కట్టే ప్రోటోకాల్ పిమ్, కోరినవారికే ప్రసారం పంపే దాని పద్ధతి స్పార్స్ మోడ్. రెండు పిమ్ స్పార్స్ మోడ్ డొమైన్లు (విడివిడిగా నడిచే నెట్‌వర్కులు) దేని రెండెవూ పాయింట్‌ను, అంటే సోర్సులనూ రిసీవర్లనూ కలిపే రూటరైన ఆర్‌పీని, అది నడుపుకుంటూనే అవతలి వైపున్న మల్టీకాస్ట్ సోర్సులను తెలుసుకోవడానికి ఎమ్‌ఎస్‌డీపీ (మల్టీకాస్ట్ సోర్స్ డిస్కవరీ ప్రోటోకాల్) ఉపయోగపడుతుంది. స్విచ్‌లో రెండు మూడు కమాండ్లతో పని అయిపోతుంది కాబట్టి దీనికి తేలికైనదన్న పేరుంది. నేను చూసిన చిక్కుల్లో చాలా భాగం కమాండ్ల వల్ల కాక, ఈ ప్రోటోకాల్ ఏ పని చేయదో తెలియకపోవడం వల్ల వచ్చినవే.

అపోహ: ఎమ్‌ఎస్‌డీపీ సెషన్ గుండానే వీడియో, మార్కెట్ ధరల వంటి ప్రసారాలు అవతలి డొమైన్‌కు చేరతాయి.

వాస్తవం: టీసీపీ 639 పోర్టుపై నడిచే ఆ సెషన్ దండోరా లాంటిది, దండోరా వేసేవాడు సరుకు మోయడు. ఫలానా సోర్సు ఫలానా గ్రూపుకు పంపుతోందని, ఆ సంగతి చాటుతున్న ఆర్‌పీ ఫలానా అని సోర్స్ యాక్టివ్ సందేశం, అంటే ఎస్‌ఏ, తెలియజేస్తుంది. (మొదటి ప్యాకెట్‌ను అందులో చుట్టి పంపే వీలు ఉన్నా, అది మినహాయింపే.) విన్న ఆర్‌పీ దగ్గర ఆ గ్రూపును కోరే రిసీవర్లు ఉంటేనే అది సోర్సు వైపు పిమ్ జాయిన్ (ప్రసారం కావాలన్న అభ్యర్థన) పంపుతుంది, ప్రసారం ఆ జాయిన్ వెళ్లిన దారినే ఎదురు వస్తుంది. అందువల్ల సరిహద్దు లింకుపై పిమ్ పెట్టడం మరిచిపోయినా, సోర్సు ఐపీకి రూటు లేకపోయినా, విన్న ఎస్‌ఏలను దాచే ఎస్‌ఏ క్యాష్‌లో ఎంట్రీ చక్కగా కనిపిస్తుంది, తెర మీద బొమ్మ మాత్రం రాదు.

అపోహ: సెషన్ అప్ అయితే ఎస్‌ఏలన్నీ స్వీకరించినట్లే.

వాస్తవం: ఎక్కువ గంటలు పోయేది ఇక్కడే. ఎస్‌ఏలు చక్రంలా తిరగకుండా ఉండేందుకు ప్రతి ఎస్‌ఏకూ పియర్ ఆర్‌పీఎఫ్ తనిఖీ, అంటే అది సరైన దారిలోని పియర్ (సెషన్‌లో అవతలి రూటర్) నుంచే వచ్చిందా అన్న పరీక్ష జరుగుతుంది, ఆ తనిఖీ చూసేది సోర్సు వైపు దారిని కాదు, ఎస్‌ఏను పుట్టించిన ఆర్‌పీ వైపు దారిని. సోర్సు ఐపీకి రూటు వెతికి, అంతా సరిగానే ఉందని తేల్చేసినవారిని ఎందరినో చూశాను. డొమైన్ల మధ్య రూట్లను పంచుకునే బీజీపీ ఉన్న చోట ఎమ్‌ఎస్‌డీపీ పియర్‌కూ బీజీపీ పియర్‌కూ ఒకే ఐపీ వాడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. సిస్కో ఐఓఎస్‌లో పియర్ ఒక్కటే ఉంటే ఈ తనిఖీ జరగదు కనుక, ల్యాబ్‌లో ఒక పియర్‌తో బాగా నడిచిన కాన్ఫిగరేషన్ రెండో పియర్‌ను చేర్చిన రోజే తడబడుతుంది. కొందరు పియర్లను ఒక జట్టుగా చేర్చే మెష్ గ్రూపులోనూ తనిఖీ ఉండదు. అయితే ఒక సభ్యుడి నుంచి వచ్చిన ఎస్‌ఏను మరో సభ్యుడికి పంపరు కాబట్టి, సభ్యులందరి మధ్యా నేరుగా సెషన్లు ఉండి తీరాలి.

అపోహ: ఇది డొమైన్ల మధ్య పనికి మాత్రమే వస్తుంది.

వాస్తవం: 2003లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 3446 (ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రాల్లో ఒకటి) చూపిన ఎనీకాస్ట్ ఆర్‌పీ పద్ధతిలో ఒకే డొమైన్ లోపల కూడా దీన్ని విరివిగా వాడుతున్నారు. అక్కడ రెండు ఆర్‌పీలదీ ఒకే ఐపీ కనుక, ఒరిజినేటర్ ఐడీగా, అంటే ఎస్‌ఏను పుట్టించిన ఆర్‌పీ చిరునామాగా, ఎవరికి వారి ప్రత్యేక లూప్‌బ్యాక్ (రూటర్ లోపలి కాల్పనిక ఇంటర్‌ఫేస్) ఐపీని ఇవ్వాలి. ఇవ్వకపోతే, వచ్చిన ఎస్‌ఏలో తన సొంత చిరునామానే చూసి అవతలి ఆర్‌పీ దాన్ని పారేస్తుంది. ఈ ఒక్క లైను మరిచినందుకు నాకు ఒక రాత్రంతా జాగారం అయింది.

అపోహ: పియర్ నమ్మకమైనవాడైతే ఫిల్టర్లు అక్కర్లేదు.

వాస్తవం: 2001 జనవరిలో రామెన్ వార్మ్ (తనంతట తానే వ్యాపించే హానికర ప్రోగ్రామ్) మల్టీకాస్ట్ చిరునామాలను కూడా స్కాన్ చేయడంతో, ప్రతి చిరునామాకూ ఒక కొత్త ఎస్‌ఏ పుట్టి రూటర్లు ఉక్కిరిబిక్కిరయ్యాయి, ఆ ఎస్‌ఏలను మోసుకొచ్చినవి నమ్మకమైన పియర్లే. సొంత నెట్‌వర్కు లోపలి వాడకానికే ఉన్న 239తో మొదలయ్యే గ్రూపు చిరునామాల శ్రేణిని, ఆర్‌పీ ఎవరో రూటర్లకు చాటే ఆటో ఆర్‌పీ వాడే 224.0.1.39, 224.0.1.40లను, ప్రైవేటు సోర్సు ఐపీలను రెండు దిశల్లోనూ ఆపి, ఒక్కో పియర్‌కు ఎస్‌ఏల పరిమితి పెట్టడం కనీస జాగ్రత్త.

అపోహ: ఐపీవీ6కు కూడా ఇదే పద్ధతి.

వాస్తవం: ఐపీవీ6కు ఎమ్‌ఎస్‌డీపీ లేదు. 2020లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8815 డొమైన్ల మధ్య ఎనీ సోర్స్ మల్టీకాస్ట్‌నే (రిసీవర్ గ్రూపును మాత్రమే కోరే పద్ధతిని) వద్దని, సోర్స్ స్పెసిఫిక్ మల్టీకాస్ట్‌ను (సోర్సును కూడా పేర్కొని కోరే పద్ధతిని) వాడమని సిఫారసు చేసింది. ఐపీవీ4లో కూడా, రిసీవర్లు తమకు కావలసిన గ్రూపును రూటర్‌కు చెప్పే ఐజీఎంపీ వెర్షన్ 3తో సోర్సును తామే పేర్కొనగలిగితే, కొత్తగా కట్టే నెట్‌వర్కు సరిహద్దులో నేను ఎమ్‌ఎస్‌డీపీని అసలు పెట్టను.