పిటుఫిక్: వారం రోజుల ముందు ఖాళీ అయిన ఊరు

గ్రీన్‌లాండ్ ఎవరిదన్న రగడ రాజుకున్న ప్రతిసారీ అక్కడి అమెరికా సైనిక స్థావరం పిటుఫిక్ పేరు వినిపిస్తుంది. 2025 మార్చి 28న అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ ఆ స్థావరంలోనే నిలబడి, ఈ దీవి ప్రజలకు డెన్మార్క్ చేసిందేమీ బాగాలేదని విమర్శించారు. నిజానికి ఆ పర్యటన మొదట ఆయన భార్య ఉషా వాన్స్‌ది. పశ్చిమ గోదావరి మూలాలున్న ఆమె, గ్రీన్‌లాండ్ పట్టణం సిసిమియుట్‌లో కుక్కబండ్ల పందెం చూడాలనుకున్నారు. గ్రీన్‌లాండ్‌లో వ్యతిరేకత రావడంతో ఆ కార్యక్రమం రద్దయింది. దంపతులిద్దరూ స్థావరం వరకే వెళ్లి వచ్చారు.

గ్రీన్‌లాండ్‌ను కొంటామన్న అమెరికా ప్రతిపాదనలు, ఖనిజాల లెక్కలు అందరికీ తెలిసినవే. నా దృష్టిలో ఈ వివాదానికి అసలు ముడి 1953 మే నెలాఖరులో పడింది.

స్థావరం పక్కనే డండస్ కొండ ఉంది. దాని తల కోసేసినట్టు చదునుగా ఉంటుంది. ఆ కొండ పాదాన ఉమ్మన్నాక్ అనే ఊరుండేది. వాయవ్య గ్రీన్‌లాండ్ స్థానికులైన ఇనుఘుయిట్ వేటగాళ్ల ఊరది. సీలు, వాల్రస్, నార్వాల్ తిమింగలం వాళ్ల బతుకుతెరువు. వేసవిలో రాళ్ల గుట్టల మీదికి గుంపులుగా వచ్చే చిన్న సముద్రపక్షులను పొడవాటి కర్రకు కట్టిన వలతో గాలిలోనే పట్టేవారు. 1951 ఏప్రిల్‌లో వాషింగ్టన్, కోపెన్‌హాగన్ రక్షణ ఒప్పందం చేసుకున్నప్పుడు ఈ వేటగాళ్లను అడిగినవారు లేరు. ఆ వేసవిలోనే స్థావరం కట్టడానికి ఓడల్లో మనుషులు, యంత్రాలు వచ్చి దిగాయి.

రెండేళ్లకు విమాన విధ్వంసక ఫిరంగులకు చోటు కావలసి వచ్చింది. కొద్ది రోజుల గడువిచ్చి ఊరు ఖాళీ చేయమన్నారు. 27 కుటుంబాలు, 116 మంది. విసనకర్రలా పరుచుకున్న పగ్గాలకు కుక్కలను పూన్చి, పట్టినంత సామాను బండ్ల మీద వేసుకుని, సముద్రపు మంచు మీదుగా వంద కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి వెళ్లారు. కానాక్ అనే చోట ఇస్తామన్న ఇళ్లు అప్పటికి లేవు. పసిపిల్లలతో, ముసలివాళ్లతో వేసవంతా గుడారాల్లోనే గడిపారు.

ఇక్కడ తేదీలు చూడాలి. 1953 జూన్ 5న డెన్మార్క్ కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి గ్రీన్‌లాండ్ వలస రాజ్యం కాదు, డెన్మార్క్‌లో అంతర్భాగం. అంటే ఊరు ఖాళీ అయిన నాటికి ఆ 116 మంది వలస పాలన కిందివారే. ఆ తర్వాత వారం తిరక్కుండానే వాళ్లు రాజ్యాంగ రక్షణ గల పౌరులయ్యారు. పార్లమెంటులో గ్రీన్‌లాండ్‌కు రెండు సీట్లు కూడా వచ్చాయి. ఇంత తొందర కాకతాళీయమని నేను నమ్మలేను.

వేట తగ్గిపోవడంతో ప్రజలే కదలడానికి ఒప్పుకున్నారని డెన్మార్క్ ప్రభుత్వం దశాబ్దాల పాటు చెప్పుకొచ్చింది.

ఊరు వదిలినవారు, వారి పిల్లలు ఊరుకోలేదు. ‘హింగిటాక్ 53’ అని సంఘం పెట్టుకుని కోర్టుకెక్కారు. యాభై మూడులో గెంటివేతకు గురైనవారని ఆ పేరుకు అర్థం. వాళ్ల మాట నిజమని 1999లో డెన్మార్క్ హైకోర్టు ఒప్పుకుంది. అది బలవంతపు తరలింపేనని తేల్చింది. సమూహానికంతటికీ 5 లక్షల క్రోనర్ల పరిహారం ప్రకటించింది. విడిగా ఒక్కొక్కరికి 25 వేలో 15 వేలో ఇమ్మంది. కొద్ది రోజులకు ప్రధాని పౌల్ న్యురుప్ రాస్ముసెన్ క్షమాపణ చెప్పారు.

వాళ్లు అడిగింది మాత్రం ఊరు. తిరిగి వెళ్లే హక్కు, అక్కడ వేటాడే హక్కు కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. వీళ్లు ప్రత్యేక ఆదివాసీ జాతి కాదని, గ్రీన్‌లాండ్ ప్రజల్లో భాగమేనని 2003 నవంబరులో కోర్టు తీర్పు ఇచ్చింది. 1818 దాకా బయటి లోకంతో సంబంధమే లేకుండా, తమదైన మాటతో బతికిన మనుషులు వాళ్లు. పరిహారం పెంచలేదు, తిరిగి వెళ్లే హక్కూ ఇవ్వలేదు.

డండస్ ప్రాంతాన్ని స్థావరం హద్దుల నుంచి తప్పిస్తూ అమెరికా, డెన్మార్క్ ఒప్పందానికి వచ్చింది అదే ఏడాది ఫిబ్రవరిలో. తీర్పు వచ్చేనాటికి ఆ నేల సైన్యానికి అవసరం లేకుండా పోయి తొమ్మిది నెలలు.