లోహాన్ని రెండు చేతులతో పట్టుకునే అణువు

జింక్ మాత్రల డబ్బా మీద ‘జింక్ బిస్‌గ్లైసినేట్’ అని రాసుంది, అంటే జింక్‌లో గ్లైసీన్ కలిపారనేనా అని ఒక పాఠకురాలు అడిగారు. కలపడం కాదండీ, పట్టుకోవడం. ఒక జింక్ అయాన్‌ని రెండు గ్లైసీన్ అణువులు చెరో వైపు నుంచీ పట్టుకుని ఉంటాయి. ఈ పట్టు సంగతి నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి అమైనో ఆమ్లాలు (ప్రోటీన్లకి ఇటుకల్లాంటి అణువులు) ఎన్ని, వాటి పేర్లేమిటి అనే పాఠం వదిలేసి నేరుగా ఇందులోకే దిగుతున్నాను.

గ్లైసీన్ అమైనో ఆమ్లాలన్నిట్లోకీ చిన్నది. ఒక కొసన నైట్రోజన్, రెండో కొసన ఆక్సిజన్. రెండింటి దగ్గరా లోహానికి ఇవ్వగలిగిన ఎలక్ట్రాన్ జంటలున్నాయి. రెండూ ఒకే లోహాన్ని పట్టుకుంటే లోహం, నైట్రోజన్, రెండు కార్బన్లు, ఆక్సిజన్ కలిసి ఐదు పరమాణువుల వలయం ఏర్పడుతుంది. దీన్నే కీలేట్ అంటారు.

ఇప్పుడు కిక్కిరిసిన బస్సు ఒకటి ఊహించుకోండి. లోహం పైనున్న కడ్డీ, దాన్ని పట్టుకున్న ప్రయాణికులు అణువులు. మామూలుగా నీళ్లలో ఉన్న లోహ అయాన్ చుట్టూ నీటి అణువులుంటాయి, ఇవి ఒంటిచేత్తో వేలాడే రకం, కుదుపు వస్తే పట్టు జారుతుంది, జారినవాడు గుంపులో ఎటో కొట్టుకుపోతాడు. గ్లైసీన్ రెండు చేతులతో పట్టుకుంటుంది. ఒక చెయ్యి జారినా రెండోది వదల్లేదు కాబట్టి జారిన చెయ్యి ఎక్కడికీ పోదు, మరుక్షణం మళ్లీ అందుకుంటుంది. పైగా రెండు చేతులవాడు ఒక్కడు ఎక్కితే ఒంటిచేతివాళ్లు ఇద్దరు దిగిపోతారు. స్వేచ్ఛగా తిరిగే అణువుల సంఖ్య పెరుగుతుంది, అంటే ఎంట్రోపీ (చెల్లాచెదురుతనం) పెరుగుతుంది. ఈ పట్టుకి అసలు బలం ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది.

అంకెల్లో చూస్తే ఇంకా బావుంటుంది. నికెల్ అయాన్‌ని ఆరు అమ్మోనియా అణువులు పట్టుకున్నప్పుడు స్థిరత్వ స్థిరాంకం (పట్టు ఎంత గట్టిదో చెప్పే అంకె) లాగరిథమ్ సుమారు 8.6. ఈ లాగరిథమ్ ఒకటి పెరిగితే పట్టు పది రెట్లు పెరిగినట్టు. రెండేసి నైట్రోజన్లున్న ఇథిలీన్ డైఅమీన్ అణువులు మూడు పట్టుకుంటే 18.3. రెండు చోట్లా నికెల్‌ని పట్టుకున్నవి ఆరు నైట్రోజన్లే! కానీ స్థిరత్వం దాదాపు 500 కోట్ల రెట్లు పెరిగింది.

అయితే ఒక చిక్కుంది. మామూలు నీళ్లలో గ్లైసీన్ నైట్రోజన్ దగ్గర అదనంగా ఒక ప్రోటాన్ (ఆమ్లాలు వదిలే హైడ్రోజన్ అయాన్) అతుక్కుని ఉంటుంది. చేతిలో సంచి ఉన్నవాడు కడ్డీ ఎలా పట్టుకుంటాడు? సంచి వదలాలి. రాగి ఆకర్షణ ఎంత గట్టిదంటే కాస్త ఆమ్లంగా ఉన్న ద్రావణంలో కూడా ప్రోటాన్‌ని వదిలించేస్తుంది. జింక్‌కి అంత బలం లేదు. ఇక కడుపులో, పీహెచ్ 1, 2 దగ్గర, ప్రోటాన్ల రద్దీ విపరీతం కాబట్టి మాత్రలోని జింక్ గ్లైసినేట్ చాలా వరకూ విడిపోతుంది, పేగుల్లో ఆమ్లం తగ్గాక జింక్ మళ్లీ దొరికిన అమైనో ఆమ్లాన్ని పట్టుకుంటుంది. ‘కీలేట్ చేసిన ఖనిజం చెక్కుచెదరకుండా రక్తంలోకి వెళ్తుంది’ అనే ప్రకటనలు చూసినప్పుడు ఈ ప్రోటాన్ల సంగతి గుర్తుంచుకోండి.

ఈ పట్టు కళ్లతో చూడాలంటే రాగి కావాలి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్లలో వేస్తే లేత నీలం. అందులో రాగి చుట్టూ అన్నీ ఆక్సిజన్లే, అది 800 నానోమీటర్ల దగ్గర, అంటే మన కంటికి కనిపించే ఎరుపు దాటాక, కాంతిని పీల్చుకుంటుంది. గ్లైసీన్ వేసి కాస్త క్షారం కలపండి, ద్రావణం చిక్కటి ముదురు నీలంగా మారిపోతుంది. ఇప్పుడు రాగి చుట్టూ రెండు నైట్రోజన్లు, రెండు ఆక్సిజన్లు చేరాయి, పీల్చుకునే కాంతి 630 దగ్గరికి జరిగింది. నైట్రోజన్ ఆక్సిజన్ కన్నా రాగి ఎలక్ట్రాన్లని ఎక్కువ నెడుతుంది, అందుకే ఈ జరగడం. మరి నాలుగూ నైట్రోజన్లే అయితే? 540కి దగ్గరగా వస్తుంది, రంగు ఊదా. ప్రోటీన్‌కి చేసే బైయూరెట్ పరీక్ష ఇదే! క్షారంలో రాగి ప్రోటీన్ గొలుసులోని నైట్రోజన్ల నుంచి ప్రోటాన్లు ఊడగొట్టి నాలుగు నైట్రోజన్ల మధ్యలో కూర్చుంటుంది. ‘ఊదారంగు వస్తే ప్రోటీన్ ఉన్నట్టు’ అని పిల్లలు బట్టీ పడుతుంటే నాకు బాధేస్తుంది. లేతనీలం, ముదురు నీలం, ఊదా మూడు పరీక్షనాళికలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆక్సిజన్ పోయి నైట్రోజన్ వస్తున్న కొద్దీ రంగు ఎలా నడుస్తుందో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

రాగికి ఆరు చోట్లున్నా నాలుగు దగ్గర, రెండు దూరం (యాన్-టెల్లర్ ప్రభావం). అందుకే రెండు గ్లైసీన్‌లతో నాలుగు నిండాక మూడోదానికి సరైన పట్టు దొరకదు. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లానికి మాత్రం పక్క గొలుసులోని ఇమిడజోల్ వలయం రూపంలో మూడో చెయ్యి ఉంది. మన రక్తంలో రాగి ఎక్కువ భాగం సెరులోప్లాస్మిన్‌లో, కొంత ఆల్బుమిన్ మీద తిరుగుతుంది (రెండూ ప్రోటీన్లే), మిగిలిన కొద్దిపాటి భాగానికి ముఖ్యమైన తోడు హిస్టిడినే. దీన్ని 1960లలో టొరంటోలో బిబుధేంద్ర సర్కార్ బృందం గుర్తించింది. మెంకెస్ అనే జన్యువ్యాధి ఉన్న పిల్లల్లో రాగి పేగు కణాల్లోనే చిక్కుకుపోతుంది, ఆ పసివాళ్లకి రాగి-హిస్టిడిన్‌ని చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తారు, పుట్టిన కొద్ది రోజుల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఉపయోగం. విల్సన్ వ్యాధి దీనికి తలకిందులు, రాగి కాలేయంలో, మెదడులో పేరుకుపోతుంది. దానికి 1956లో జాన్ వాల్ష్ తెచ్చిన మందు పెనిసిల్లమిన్, అదీ అమైనో ఆమ్లమే, సిస్టీన్‌కి రెండు మిథైల్ గుంపులు తగిలించినట్టుంటుంది, రాగిని పట్టుకుని మూత్రంలోకి తీసుకుపోతుంది. రాగిని విడిగా వదలకూడదని శరీరానికి ఎంత పట్టుదలంటే, 1999లో ఈస్ట్ మీద వేసిన లెక్క ప్రకారం ఒక్కో కణంలో స్వేచ్ఛగా ఉన్న రాగి అయాన్లు సగటున ఒకటి కన్నా తక్కువ!

ఇంత అందమైన రసాయనాన్ని ‘ఒంట్లో విషాలన్నీ లాగేస్తాం’ అని అమ్ముకునేవాళ్లని చూస్తే మాత్రం కోపం వస్తుంది. వాళ్లు రక్తంలోకి ఎక్కించే ఈడీటీఏ అనే మందు ఆరు చేతుల అణువు, నాలుగు చేతులు గ్లైసీన్ తరహా ఆక్సిజన్లు, రెండు నైట్రోజన్లు. దానికి విషం, పోషకం అనే తేడా తెలీదు, ఎవరి స్థిరాంకం పెద్దదైతే వాళ్లనే పట్టుకుంటుంది, ఎదురుగా సీసం లేకపోతే కాల్షియాన్నే. అమెరికాలో 2003, 2005 మధ్య సోడియం రూపంలోని ఈడీటీఏ ఎక్కించడం వల్ల రక్తంలో కాల్షియం పడిపోయి ముగ్గురు చనిపోయారు, వాళ్లలో ఇద్దరు పిల్లలు. సీసం విషానికి డాక్టర్లు వాడేది వేరు, ముందే కాల్షియం పట్టుకుని ఉన్న ఈడీటీఏ. కాల్షియంతో దాని లాగరిథమ్ 10.7, సీసంతో 18, అంటే సీసం మీద పట్టు సుమారు రెండు కోట్ల రెట్లు గట్టిది. అందుకే సీసం కనబడితే కాల్షియాన్ని వదిలి దాన్ని పట్టుకుంటుంది, రక్తంలోని కాల్షియం జోలికి పోదు.