క్యాన్సర్ చికిత్సలో ఉన్న బిడ్డకు వంట: సీమ ఇళ్లలో వినిపించే అపోహలు, అసలు సంగతులు

కీమో (క్యాన్సర్ కణాలను చంపే మందులు) మొదలైందనగానే ఇంట్లో వంట రెండుగా చీలిపోతుంది. బిడ్డకు ఉప్పూకారం లేని గంజి ఒకవైపు, మిగతావాళ్లకు మామూలు కూడు ఒకవైపు. అమ్మకు పని రెండింతలవుతుంది. పక్కన అన్న నాటుకోడి తింటుంటే బిడ్డ గంజి ముట్టదు. కర్నూలు, అనంతపురం, కడప వైపు మళ్లీ మళ్లీ వినిపించే మాటలే ఇక్కడ తీసుకున్నాం. కింద చెప్పే కొలతలు ఇంటి వంటకు సంబంధించినవి. మీ బిడ్డకు రోజుకు ఎంత కావాలో తేల్చాల్సింది చికిత్స చేసే డాక్టర్, అక్కడి డైటీషియన్.

అపోహ: జబ్బు బిడ్డకు వంట వేరేగానే చేయాలి.

అక్కర్లేదు. ఇంటిల్లిపాదికీ ఉడికే గిన్నెలోంచే బిడ్డ వాటా తీయొచ్చు. ఎప్పుడు తీస్తారన్నదే ముఖ్యం.

మన పప్పునే చూడండి. కందిపప్పు, పచ్చిమిర్చి, చింతపండు, టమాటా అన్నీ ఒకేసారి కుక్కర్లోకి పోతాయి. ఆ తర్వాత కారం వెనక్కి తీయలేం. అందుకని 150 గ్రాముల కందిపప్పు, రెండు టమాటాలు, పసుపు, మూడు గ్లాసుల నీళ్లు మాత్రమే పెట్టి నాలుగు విజిల్స్ రానివ్వండి. గుత్తితో ఎనిపి, బిడ్డకు రెండు గరిటెలు తీసి ఉప్పేసి, నెయ్యిలో జీలకర్ర తాలింపు పెట్టండి. మిగిలిన పప్పులోకి నూనెలో మగ్గించిన మిరపకాయలు, చింతపండు పులుసు వేసి ఐదు నిమిషాలు ఉడికిస్తే పెద్దవాళ్ల పప్పు సిద్ధం. ఆ 150 గ్రాముల్లో ప్రొటీన్ 33 గ్రాముల దాకా ఉంటుంది. నలుగురు పంచుకుంటే తలా 8 గ్రాములు. పప్పు జారుగా కాకుండా గట్టిగా ఉంటే రెండు గరిటెలకు ఆ లెక్క సరిపోతుంది.

కోడికూరకూ ఇదే దారి. అల్లం వెల్లుల్లి, పసుపు, ఉప్పుతో ముందు ఉడికించండి. బాయిలర్ కోడికి మూడు విజిల్స్ చాలు, నాటుకోడికి ఆరేడు కావాలి. బిడ్డకు ఎముక లేని ముక్కలు 50 గ్రాములు తీస్తే దాదాపు 13 గ్రాముల ప్రొటీన్ వచ్చినట్టే. ఎండుకొబ్బరి, ధనియాలు, కారం తర్వాత పడతాయి. ముక్కను విరిచి చూడండి. లోపల ఎర్రగా కనిపిస్తే ఇంకా ఉడకాలి. పచ్చి కోడిని కొళాయి కింద కడిగితే నీళ్లు చింది గట్టు మీదున్న కూరగాయలకు కూడా క్రిములు అంటుకుంటాయి. కడగకుండా ఉడికించడమే మేలు. కోడి కోసిన పలక మీద ఉల్లిపాయ తరగొద్దు.

కారం విషమేమీ కాదు. నోట్లో పుండ్లు లేనప్పుడు, బిడ్డే అడిగినప్పుడు కొంచెం వేయొచ్చు. పుండ్లు ఉన్న రోజుల్లో మాత్రం కారం, పులుపు, కరకరలాడే మురుకులు పక్కనపెట్టి మెత్తగా, గోరువెచ్చగానో చల్లగానో పెట్టాలి.

అపోహ: గుడ్డు, మాంసం వేడి చేస్తాయి, పథ్యం పట్టాలి.

ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. కీమో మందు దెబ్బకు పేగుల లోపలి పొర, రక్తకణాలు, కండ అన్నీ తరుగుతాయి. వాటిని తిరిగి కట్టేది ప్రొటీనే. 25 కిలోల ఆరోగ్యవంతమైన బిడ్డకే రోజుకు సుమారు 23 గ్రాములు కావాలి. చికిత్సలో ఇంకా ఎక్కువ కావాలి.

ఒక గుడ్డులో 6 గ్రాములు ఉంటుంది. నీళ్లు మరిగాక 10 నుంచి 12 నిమిషాలు ఉడికించాలి. సొన కారే ఆమ్లెట్ వద్దు, చిట్లిన గుడ్డు వద్దు. పొరటు చేస్తే తడి మొత్తం ఆరి పొడిపొడిగా అయ్యేదాకా వేయించండి. నాటుగుడ్డు, ఫారం గుడ్డు అని తేడా పెట్టుకోకండి. ప్రొటీన్ లెక్కలో రెండూ దాదాపు ఒకటే. నాటుగుడ్డు దొరకలేదని ఆ పూట గుడ్డే మానేయడం మాత్రం నష్టం.

శనివారం నీసు వండని ఇళ్లలో ఆ రోజు లెక్క ఇలా: 200 మి.లీ. పాలు రెండు పూటలా, మొత్తం 13 గ్రాములు. పప్పు రెండు గరిటెలు, 8. మీల్‌మేకర్ ఎండుది 25 గ్రాములు, 13. ఉప్పు నీళ్లలో 10 నిమిషాలు ఉడికించి, పిండి, చిన్నగా తరిగి కూరలో వేయండి. మీల్‌మేకర్‌కు సొంత రుచి లేదు కాబట్టి టమాటా, ఉల్లిపాయ దండిగా పడాలి. పాలు తాగే బిడ్డయితే కాచిన పాలలో రెండు పెద్ద చెంచాల వెన్నతీసిన పాలపొడి కలపండి, ఇంకో 5 గ్రాములు. ఖరీదైన ప్రొటీన్ డబ్బాలకన్నా చౌక. అయినా డాక్టర్‌తో ఒక మాట చెప్పే మొదలుపెట్టండి. కిడ్నీ, లివర్ లెక్కలు బాగాలేని బిడ్డకు ప్రొటీన్ కూడా కొలతగానే ఇవ్వాలి.

అపోహ: పప్పు కట్టులో, ఎముకల చారులోనే సారమంతా ఉంటుంది.

పప్పు కట్టులోకి దిగేది కొంచెం పిండి, ఉప్పు, రుచి. పప్పు అడుగునే ఉండిపోతుంది. ఎముకలు గంటలు కాస్తే వచ్చేది జిగురు. ఒంటికి అవసరమైన ప్రొటీన్ భాగాలన్నీ అందులో ఉండవు. పైగా గ్లాసెడు చారుతో చిన్న పొట్ట నిండిపోతుంది. వాంతి తగ్గాక గొంతు తడుపుకోడానికి చారు మంచిదే. భోజనానికి బదులు కాదు. చారే ఇష్టపడే బిడ్డయితే అందులోనే ఉడికిన కోడిముక్క, పప్పు, చెంచా నెయ్యి వేసి మిక్సీలో తిప్పేయండి.

అపోహ: సంగటి బరువు, జబ్బు బిడ్డకు బ్రెడ్డు, ఇడ్లీ చాలు.

సరిగ్గా ఉడికితే సంగటి మెత్తటి కూడు. రాగిలో కాల్షియం దండిగా ఉంటుంది (100 గ్రాములకు 340 మి.గ్రా. పైనే), ప్రొటీన్ తక్కువ. దాన్ని పెంచే ఉపాయం బియ్యం ఉడికేటప్పుడే పెసరపప్పు వేయడం.

బియ్యం 75 గ్రాములు, పెసరపప్పు 40 గ్రాములు, నీళ్లు ముప్పావు లీటరు. గింజ పూర్తిగా మెదిగేదాకా ఉడకాలి. తర్వాత 100 గ్రాముల రాగిపిండిని కుప్పగా పైన పోసి, కట్టెతో మధ్యలో గుంత చేసి, కలపకుండా మూతపెట్టి సన్న సెగ మీద 10 నిమిషాలు ఉంచండి. ఆవిరి గుంతలోంచి పైకి వచ్చి పిండిని ఉడికిస్తుంది. పోసిన వెంటనే కలిపితే ఉండలు కడతాయి, వాటి లోపల పిండి పచ్చిగానే ఉంటుంది. పేగులు నొచ్చిన బిడ్డకు ఆ పచ్చిపిండితో కడుపునొప్పి రావచ్చు. పది నిమిషాల తర్వాత దించి బలంగా ఎనపండి. మొత్తంలో ప్రొటీన్ 22 గ్రాముల దాకా. బిడ్డకు నిమ్మకాయంత ముద్దలు చేసి, నెయ్యి, చీల్చిన కోడిముక్కలతో పెట్టండి. విన్‌క్రిస్టీన్ లాంటి కీమో మందులకు మలబద్ధకం వస్తుంది. అప్పుడు సంగటి పనికొస్తుంది, నీళ్లు కూడా తాగితేనే. విరేచనాలు ఉన్న రోజుల్లో మాత్రం పెట్టొద్దు.

అపోహ: రాత్రి చద్దన్నం, పులిసిన అంబలి చలువ. కీమో వేడికి అవే మందు.

క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు పడిపోయిన బిడ్డకు ఇవి ప్రమాదం. చాలా మందులకు కీమో తర్వాత రెండో వారంలో ఈ కణాలు బాగా తగ్గుతాయి. రాత్రంతా బయట ఉన్న అన్నంలో క్రిములు పెరుగుతాయి. వాటిలో కొన్ని వదిలే విషం మళ్లీ కాచినా పోదు. వండి బయట ఉంచింది రెండు గంటల్లో తినాలి. మన ఎండాకాలంలో గంటే. ఇంటి పెరుగు గురించి మీ ఆసుపత్రిలో ఏం చెప్పారో అదే చేయండి. ఒక్కో చోట ఒక్కో పద్ధతి ఉంది. పాలు మాత్రం పొంగనిచ్చి దించాలి. పాలవాడు నమ్మకస్తుడే అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఉగ్గాని ఇష్టమైతే చేసిపెట్టండి. బొరుగులను కాచి చల్లార్చిన నీళ్లలో తడిపి పిండండి. పప్పుల పొడి (పుట్నాల పొడి) చివర్లో పైన చల్లడం మన అలవాటు కదా, బిడ్డకు చేసేటప్పుడు తాలింపులోనే వేసి ఒక నిమిషం వేయించండి. బొరుగుల్లో ప్రొటీన్ పెద్దగా లేదు, ఉన్నదంతా ఆ పొడిలోనే. కాబట్టి పొడి రెండింతలు వేయండి. బండి మీది ఉగ్గాని, పచ్చి ఉల్లిపాయ ముక్కలు వద్దు.

బిడ్డకు ఒళ్లు 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) తాకితే అది తిండి వల్లా, ఎండ వల్లా అని ఆలోచించేది లేదు. అర్ధరాత్రైనా ఆసుపత్రికే.

అపోహ: బుడ్డలు (వేరుశెనగలు) పైత్యం.

అనంతపురంలో పండే పంటను అక్కడి బిడ్డకే దూరం పెడతారు. వంద గ్రాముల చెనక్కాయ గింజల్లో 25 గ్రాముల ప్రొటీన్, 560 పైగా కేలరీలు. కొద్దిగా తినే బిడ్డకు ఇంతకన్నా మంచి ఆహారం ఏముంది? చెంచాడు పొడి సంగటిలోనో పప్పన్నంలోనో కలిపితే చాలు. ఐదేళ్లలోపు వాళ్లకు గింజలుగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి. ఇంతకుముందు గింజలకు దద్దుర్లు వచ్చి ఉంటే అసలే వద్దు.

ఇక్కడ జాగ్రత్త పైత్యం గురించి కాదు, బూజు గురించి. చాటలో పోసి వెలుతురులో ఏరండి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, ఆకుపచ్చ బూజు పట్టినవి పారేయాలి. నోట్లో వేస్తే చేదుగా తగిలితే ఆ మూటనే మార్చండి. బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు.

అపోహ: చక్కెర క్యాన్సర్‌ను పెంచుతుంది, తీపి మాన్పించాలి.

ఒంట్లో ప్రతి కణం గ్లూకోజ్‌ను వాడుకుంటుంది. అన్నం తిన్నా అదే తయారవుతుంది. తీపి ఆపితే గడ్డ ఎండదు, బిడ్డ ఎండుతాడు. ఓళిగ (బొబ్బట్టు) తింటానంటే నెయ్యి వేసి పెట్టండి, పూర్ణంలో ఉన్నది శనగపప్పే. చికిత్సలో ఇచ్చే స్టెరాయిడ్ల వల్ల షుగర్ పెరిగిందని డాక్టర్ చెప్పిన రోజుల్లో మాత్రం ఆపాలి.

నెయ్యి, నూనెలకు కూడా ఇంతే. చెంచా నెయ్యి 45 కేలరీలు. ఆస్పరాజినేజ్ అనే కీమో మందు తర్వాత క్లోమం వాచిందంటే అప్పుడు కొవ్వు తగ్గించమని డాక్టర్లే చెప్తారు.

అపోహ: బీట్‌రూట్, దానిమ్మ రక్తం పట్టిస్తాయి. బొప్పాయి ఆకు రసం ప్లేట్‌లెట్లు పెంచుతుంది.

ఇక్కడ రక్తం తగ్గింది ఇనుము లేక కాదు, రక్తం తయారయ్యే ఎముక మూలుగను మందు అణచడం వల్ల. మళ్లీ మళ్లీ రక్తం ఎక్కించుకున్న బిడ్డ ఒంట్లో ఇనుము ఎక్కువే చేరుతుంది, కాబట్టి ఐరన్ టానిక్ సొంతంగా పోయకండి. పచ్చి ఆకు రసాలు తెల్లకణాలు తగ్గినప్పుడు ఇన్ఫెక్షన్‌కు దారి. బత్తాయి శుభ్రంగా కడిగి, ఇంట్లో తొక్క తీసి ఇవ్వొచ్చు. పంపరపనస మాత్రం కొన్ని మందుల మోతాదును ఒంట్లో తారుమారు చేస్తుంది, అడగకుండా పెట్టొద్దు. కొర్రలతో జబ్బు నయమవుతుందనీ అంటారు. అవి మంచి కూడే, చికిత్స కాదు.

అపోహ: గిన్నెలు గిన్నెలు తింటున్నాడు, ముఖం నిండింది, కోలుకున్నట్టే.

స్టెరాయిడ్ల ఆకలి అది, ముఖంలో ఉన్నది చాలావరకు కొవ్వు, నీరు. లోపల కండ కరుగుతూనే ఉంటుంది. ఈ వారాల్లో ఊరగాయ, అప్పడం, చిప్స్ తగ్గించి, మెత్తగా ఉడికిన అలసంద గుగ్గిళ్లు, గుడ్లు, పప్పు ముందు పెట్టండి. రాత్రి రెండింటికి లేచి అన్నం అడుగుతారు, తిట్టొద్దు. ఫ్రిజ్‌లో ఉడికించిన గుడ్లు ఉంచుకోండి.

అపోహ: ముక్కు గొట్టం వేశారంటే ఇక ఆశ లేదు.

20 కిలోల బిడ్డ ఒక కిలో తగ్గినా ఆసుపత్రిలో చెప్పాలి. వారానికోసారి ఒకే తూకం మీద, పొద్దున పరగడుపున చూడండి. నోరంతా పుండ్లై మింగలేని బిడ్డకు బలవంతంగా కుక్కితే వాంతి అవుతుంది, ఆ తిండి అంటేనే అసహ్యం పుడుతుంది. కీమో ఎక్కే రోజు ఇష్టమైన కూర పెట్టొద్దనేది కూడా అందుకే. ముక్కులోంచి కడుపులోకి తిండి పంపే ఈ గొట్టం కొన్ని వారాల ఏర్పాటు, పుండ్లు మానాక తీసేస్తారు. అందులోకి ఇంటి రాగిజావ పోస్తే చిక్కబడి గొట్టం పూడుకుపోతుంది. ఆసుపత్రివాళ్లు చెప్పిన ఫీడే (గొట్టంలో పోసే ద్రవాహారం), వాళ్లు చెప్పిన వేగంతో పోయాలి. ఫీడ్‌కు ముందు, తర్వాత కాచి చల్లార్చిన నీళ్లతో గొట్టం కడగాలి, ఎన్ని మి.లీ. అన్నది నర్సును అడిగి గోడ మీద రాసి పెట్టుకోండి.