రాయల్టీ లెక్కలో ఈ గడులన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి?

నవల వెలువడిన కొన్ని నెలలకు రచయిత చేతికి రాయల్టీ స్టేట్‌మెంట్ వస్తుంది. షాపులకు వెళ్లినవి 3,000 ప్రతులు. తిరిగొచ్చినవి 400. ఇంకా తిరిగి రావచ్చని పక్కన పెట్టినవి 600. లెక్కలోకి వచ్చినవి 2,000. ధర 100, రాయల్టీ పది శాతం అనుకుంటే రచయిత వాటా 20,000. అడ్వాన్సు 25,000 ముందే తీసుకున్నారు కాబట్టి ఇప్పుడు ఇవ్వాల్సింది సున్నా. మొదటి నవల రాసినవాళ్లకు ఇది మోసంలా కనిపిస్తుంది. సాధారణంగా మోసమేమీ ఉండదు. నష్టం ఎవరు మోయాలి, లెక్క ఎవరు చూడాలి అని ఒక్కో కాలంలో జరిగిన బేరం ఒక్కో గడిగా మిగిలింది. ఆ బేరాలు చాలావరకు ఇంగ్లండ్, అమెరికా పుస్తక వ్యాపారంలో జరిగినవే.

ఇంగ్లండ్‌లో 1710 నాటి చట్టం కొత్త పుస్తకం మీద రచయితకు 14 ఏళ్ల హక్కు ఇచ్చింది. అప్పటికీ బతికుంటే మరో 14 ఏళ్లు. హక్కు చేతికొచ్చింది గానీ దాంతో పూట గడవదు. అందుకే చాలామంది ఏకమొత్తానికి అమ్ముకునేవారు. రెండో దారి సొంత ఖర్చు: కాగితం, అచ్చు, నష్టం అన్నీ రచయితవి, ప్రచురణకర్త అమ్మిపెట్టి కమిషన్ తీసుకుంటాడు. జేన్ ఆస్టెన్ రెండూ చేసి చూసింది. 1811లో తొలి నవలను సొంత ఖర్చు మీద వేయిస్తే మొదటి ముద్రణ అయిపోయి 140 పౌండ్లు మిగిలాయి. రెండో నవలకు 150 అడిగి, 110 పౌండ్లకు హక్కులన్నీ ఇచ్చేసింది. అది 1813 జనవరిలో వచ్చింది, ఆ ఏడాదే రెండో ముద్రణకు వెళ్లింది. ఆమెకు అదనంగా ఒక్క పెన్నీ కూడా రాలేదు. నష్టభయం వదిలించుకున్నవాళ్లకు లాభంలోనూ వాటా ఉండదు. ఏకమొత్తం బేరం ఇవాళ కుదుర్చుకున్నా జరిగేది ఇదే.

తర్వాత సగం లాభం పద్ధతి వచ్చింది. ఖర్చులు పోగా మిగిలింది చెరిసగం. వినడానికి ఎంతో న్యాయం. చిక్కల్లా ఖర్చుల దగ్గరే. కాగితం బిల్లు, ప్రకటనల బిల్లు రాసేది ప్రచురణకర్త. అచ్చాఫీసు అతనికి తగ్గించి ఇచ్చిన సొమ్ము రచయిత లెక్కలో కనిపించేది కాదు. పుస్తకం బాగా అమ్ముడైనా లాభం తేలకపోయేది. నవలాకారుడు వాల్టర్ బెసెంట్ చొరవతో 1884లో ఏర్పడిన సొసైటీ ఆఫ్ ఆథర్స్ అచ్చు ఖర్చుల వివరాలు బయటపెట్టి పోరాడింది ఈ చీకటి లెక్కల మీదే. ధర మీద శాతం అన్న రాయల్టీ పద్ధతి బలం ఇక్కడే ఉంది. రచయిత సరిచూసుకోవాల్సింది ఒకే ఒక్క అంకె: ఎన్ని ప్రతులు అమ్ముడయ్యాయి.

ఆ పద్ధతి నిలదొక్కుకోవడానికి మరో కారణం మార్కెట్టే మారిపోవడం. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లిష్ నవల మూడు సంపుటాలుగా, ఒకటిన్నర గినీకి, అంటే 31 షిల్లింగుల 6 పెన్స్‌కు వచ్చేది. అంత పెట్టి కొనేది ఎవరు? అద్దె గ్రంథాలయాలు. మ్యూడీ గ్రంథాలయంలో ఏడాదికి ఒక గినీ చందా కడితే ఒకసారికి ఒక సంపుటం ఇచ్చేవారు. ఒకే నవల మూడు ముక్కలైతే ఒకేసారి ముగ్గురు చందాదారుల చేతుల్లో ఉంటుంది. అందుకే రచయిత కథ ఉన్నా లేకపోయినా మూడు సంపుటాలు నింపాల్సిందే. పొడి పొడి సంభాషణలు, రెండో సంపుటంలో ఎటూ కదలని ఉపకథలు చాలావరకు ఆ లెక్క కోసం వచ్చినవే. (సాగదీత అని విమర్శకులు రచయితను తిట్టారు, గ్రంథాలయాన్ని కాదు.) 1894లో మ్యూడీ, డబ్ల్యూ.హెచ్. స్మిత్ గ్రంథాలయాలు సంపుటానికి 4 షిల్లింగులకు మించి ఇవ్వమని తేల్చేశాయి. ఆ ఏడు 184 మూడు సంపుటాల నవలలు వస్తే, 1897లో వచ్చినవి నాలుగు. ఇక 6 షిల్లింగుల ఒక్క సంపుటాన్ని పాఠకుడే నేరుగా కొనాలి. వందల్లో అమ్ముడవుతుందో వేలల్లోనో ముందే ఎవరూ చెప్పలేరు కాబట్టి ఏకమొత్తం కన్నా శాతమే ఇద్దరికీ నయమనిపించింది. రచయిత తరఫున బేరమాడే ఏజెంట్లు కూడా ఆ రోజుల్లోనే స్థిరపడ్డారు. అప్పుడు వాళ్ల కమిషన్ పది శాతం, ఇప్పుడు ఎక్కువగా పదిహేను.

అమ్ముడైన ప్రతులన్న ఆ ఒక్క అంకె కూడా ఎక్కువ కాలం నమ్మకంగా నిలవలేదు. 1930ల ఆర్థిక మాంద్యంలో షాపులు కొత్త పుస్తకాలు తీసుకోవడానికి జంకితే, అమ్ముడుపోనివి వెనక్కి తీసుకుంటామని అమెరికన్ ప్రచురణకర్తలు ఒప్పుకున్నారు. అప్పటి నుంచి షాపుకు వెళ్లిన ప్రతి అమ్ముడైనట్టు కాదు. పై లెక్కలోని 600 ప్రతులు ఆ ఒప్పందం మిగిల్చినవే. అలా పక్కన పెట్టడం తప్పు కాదు. ఎంత పెట్టాలి, ఎప్పుడు వదలాలి అన్నది కాంట్రాక్టులో రాయకపోవడం తప్పు. వెళ్లిన ప్రతుల్లో 20 లేదా 25 శాతం మించకూడదని, రెండు మూడు లెక్కల కాలాల్లో (ఒక స్టేట్‌మెంట్ నుంచి మరో స్టేట్‌మెంట్ దాకా ఒక కాలం) వదిలేయాలని రాయించుకోవాలి.

అడ్వాన్సు తిరిగి కట్టక్కర్లేదు, రాతప్రతి ఇవ్వకపోతే తప్ప. అయితే రెండు నవలలకు కలిపి ఒకే కాంట్రాక్టు రాసుకుంటే, లెక్కలు కూడా కలిపేశారేమో చూడాలి. కలిపితే మొదటి నవల తీర్చని 5,000ను రెండో నవల రాబడిలోంచి కోసుకుంటారు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చేది ఓ చిన్న మార్పు: ‘ధర మీద’ అన్న చోట ‘నికర రాబడి మీద’, అంటే డిస్కౌంటు పోగా ప్రచురణకర్త చేతికొచ్చిన సొమ్ము మీద, అని పడటం. ధర 100, షాపుకు డిస్కౌంటు 50 అయితే పది శాతం రాయల్టీ 10 నుంచి 5కు పడిపోతుంది. పాత 10 రావాలంటే శాతం 20 కావాలి. పైగా డిస్కౌంటు ఎంతిచ్చారో ప్రచురణకర్తే చెప్పాలి. సగం లాభం రోజుల చీకటి మళ్లీ వచ్చినట్టే. పెద్ద సంస్థలు ఈబుక్కుకు సాధారణంగా ఇచ్చే 25 శాతం కూడా నికర రాబడి మీదే. అమెజాన్ 2014లో మొదలుపెట్టిన చందా పద్ధతిలో 2015 జూలై నుంచి చదివిన పేజీలను బట్టి చెల్లిస్తున్నారు. రచయితలకు పంచే నిధి ఎంతో, ఎన్ని పేజీలు చదివారో రెండూ కంపెనీ చెప్పాల్సిందే.

హక్కులు వెనక్కి రావడంలోనూ ఇదే తంతు. పూర్వం ప్రతులు అయిపోయి మళ్లీ వేయకపోతే రచయిత హక్కులు అడిగి తీసుకునేవారు. ఆర్డరు వస్తే ఒక్క ప్రతి అచ్చువేసే యంత్రాలు, ఈబుక్కులు వచ్చాక ఏ పుస్తకమూ ‘అయిపోదు’. 2007లో అమెరికన్ ప్రచురణ సంస్థ సైమన్ అండ్ షుస్టర్ కాంట్రాక్టులో కనీస అమ్మకాల షరతు (అమ్మకాలు ఇంతకన్నా తగ్గితే హక్కులు రచయితకు తిరిగివ్వాలన్నది) తీసేయబోతే అక్కడి రచయితల సంఘం ఆథర్స్ గిల్డ్ గట్టిగా అడ్డుకుంది, సంస్థ వెనక్కి తగ్గింది. అందుకే ఈ షరతు అంకెల్లో ఉండాలి: వరుసగా రెండు లెక్కల కాలాల్లో ఇన్ని ప్రతుల కన్నా తక్కువ అమ్ముడైతే, రచయిత రాతపూర్వకంగా అడిగిన ఇన్ని నెలల్లో హక్కులన్నీ తిరిగి రావాలి. ‘మార్కెట్‌లో అందుబాటులో లేకపోతే’ అని మాత్రమే రాసి ఉంటే ఆ షరతు ఉన్నా లేనట్టే.