గొంగళిపురుగుల ఊరు

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఎడారిలో ఇసుక తప్ప చూడడానికి ఏముంటుందని మొన్న ఫోనులో మీరు నవ్వారు కదా, దానికి జవాబు తీరికగా రాస్తున్నాను. నేనిప్పుడు ఆస్ట్రేలియా ఖండం నట్టనడుమ ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఉన్నాను. ఆ పేరు తెల్లవాళ్లు టెలిగ్రాఫ్ తీగలు వేసినప్పుడు పుట్టింది. అంతకు వేల ఏళ్ల ముందు నుంచీ ఇక్కడ ఉంటున్న అరెర్న్‌ట ప్రజలకు ఇది ఎంబాంట్వా.

ఊళ్లో అరలూయెన్ అనే కళా ప్రాంగణం ఉంది. చిత్రశాలలు, నాటకశాల, మ్యూజియం, పరిశోధన కేంద్రం, పాత విమానాల కొట్టం అన్నీ అక్కడే. విమానాలు మీ తాతయ్యకు వదిలేశాను. నన్ను ముందుగా ఆపింది, పిల్లలు లోపలికి దూరి నడవగలిగేంత పెద్ద ఇనుప గొంగళిపురుగు. దాని పేరు యెపరిన్య. ఈ ఊరి చుట్టూ ఉన్న కొండలనూ, వాటి మధ్య కనుమలనూ ఆదికాలంలో గొంగళిపురుగుల రూపంలో వచ్చిన పూర్వీకులే ఏర్పరిచారని అరెర్న్‌ట వారి నమ్మకం. మన కొండలకూ కోనేళ్లకూ స్థలపురాణాలు ఉన్నట్టే అనుకోండి. కాకపోతే మనకు గుడి ఒకచోట ఉంటుంది, వారికి కొండే గుడి.

ఆ పేరుకు అర్థం తెలిశాక నాకు ఒళ్లు పులకరించింది. 'అయెప' అంటే నేల మీద పాకే ఒక తీగ, దాన్ని ఆశ్రయించి బతికేది యెపరిన్య. ఆ తీగ మరేదో కాదు, మనం పప్పులో వేసుకునే అటికమామిడికి, అంటే పునర్నవకు, దగ్గరి చుట్టం. జిగురు గింజలు చీర కుచ్చిళ్లకు అంటుకుంటే నేను విసుక్కుంటూ పీకి పారేసే మొక్క బంధువు ఇక్కడ ఒక ఊరి పుట్టుకతో ముడిపడి ఉంది.

లోపల ఆల్బర్ట్ నమాట్జిరా అనే అరెర్న్‌ట చిత్రకారుడి పేరిట ఒక చిత్రశాల ఉంది. ఆయన 1902లో ఇక్కడికి పడమరన ఉన్న హెర్మన్స్‌బర్గ్ మిషన్‌లో పుట్టాడు. రెక్స్ బాటర్‌బీ అనే చిత్రకారుడికి 1936లో ఒంటెలు తోలిపెట్టి, బదులుగా నీటిరంగులు వేయడం నేర్చుకున్నాడు. రెండేళ్లు తిరగకుండానే మెల్‌బోర్న్‌లో పెట్టిన ప్రదర్శనలో ఆయన బొమ్మలన్నీ అమ్ముడుపోయాయి. తెల్లటి మానుతో నిలబడ్డ ఒక చెట్టు, వెనక ఊదారంగు కొండ: అంతే బొమ్మ, కాని ఆ చెట్టు నీడలో కూర్చున్నట్టే ఉంటుంది. ఇంత పేరు వచ్చినా 1957 వరకు ఆయనకు పూర్తి పౌరహక్కులు లేవు. వచ్చిన మరుసటి ఏడాదే, తన వాళ్లతో మద్యం పంచుకున్నందుకు శిక్ష వేశారు, ఎందుకంటే ఆ హక్కు ఆయనకే గాని ఆయన వాళ్లకు లేదు. 1959లో కన్నుమూశాడు. ఆయన బొమ్మల కాపీరైట్‌ను 1983లో, చనిపోయినవారి ఆస్తుల వ్యవహారాలు చూసే ప్రభుత్వాధికారి 8,500 డాలర్లకు అమ్మేశాడు; అది కుటుంబానికి తిరిగి చేరింది 2017లో. ఈ సంగతి మీకు కోపం తెప్పిస్తే తప్పులేదు, నాకూ వచ్చింది.

చుక్కలతో నిండిన చిత్రాల ముందు మాత్రం నేను తొందరపడ్డాను. ముగ్గులా ఉన్నాయే అనుకున్నాను. అలా చూడకూడదట. 1971లో పపున్యా అనే చోట పెద్దలు బడి గోడ మీద తేనెచీమ గాథను చిత్రించారు. అక్కడ మొదలైన ఉద్యమంలోంచి వచ్చినవి ఇవి. వలయం నీటిగుంటో, విడిదో కావచ్చు. అరచంద్రాకారం కూర్చున్న మనిషి. తొలినాటి కొన్ని బొమ్మల్లో, దీక్ష పొందినవారు తప్ప చూడరాని గుర్తులు ఉన్నాయని పెద్దలు అభ్యంతరం చెప్పాక, చిత్రకారులు వాటిని వదిలేశారు లేదా చుక్కల కింద కప్పేశారు.

పక్కనున్న స్ట్రెలో పరిశోధన కేంద్రంలోనూ అదే పద్ధతి. మిషనరీ కొడుకుగా పుట్టి, అరెర్న్‌ట భాష మాట్లాడుతూ పెరిగిన మానవశాస్త్రవేత్త స్ట్రెలోకు పెద్దలు అప్పగించిన పవిత్ర వస్తువులు అక్కడ భద్రంగా ఉన్నాయి, కాని నాలాంటి వాళ్లకు చూపించరు. డబ్బు పెట్టి టికెట్ కొన్నాను కదా అని ముందు కొంచెం చిన్నబుచ్చుకున్నాను. తర్వాత మన గర్భగుడి గడప గుర్తొచ్చి ఊరుకున్నాను.

వచ్చే నెల ఇంటికి వస్తాను. ఈలోగా బావిగట్టు పక్కన అటికమామిడి తీగ ఇంకా ఉందేమో చూసి, ఆకుల అడుగున పురుగేదైనా కనబడితే, దాన్ని కదపకుండా, రంగు ఎలా ఉందో నాకు రాయండి.

మీ అమ్మమ్మ